ఏడున్నర మిల్లీలీటర్ల రక్తంలో మూడు కణాలు

వార్షికోత్సవ సంచిక అనగానే హాస్టల్ జ్ఞాపకాలు, అమ్మ మీద కవితలు, సూక్తులు, పొడుపు కథలు గుర్తుకు వస్తాయి. అవన్నీ మన చెల్లెళ్ళు ఎలాగూ చక్కగా రాస్తారు. "అక్కా, నువ్వు ఎం.ఎస్సీ.లో ఏం చేశావో మాకు అర్థమయ్యేటట్టు రాయి" అని సంచిక బాధ్యులు అడిగారు. కాబట్టి గత ఏడాదిగా నా పగళ్ళను, చాలాసార్లు రాత్రులను కూడా తీసుకున్న విషయం గురించే రాస్తున్నాను. పెద్దపేగు క్యాన్సర్ వచ్చినవారి రక్తంలో తిరుగుతుండే క్యాన్సర్ కణాలను వెతికి పట్టుకోవడం ఎలా అన్నదే ఆ విషయం. పేరు వినగానే పేజీ తిప్పేయకండి. ఇందులో మనం హాస్టల్లో చేసిన పని ఒకటి ఉంది. మన ఇళ్ళల్లో ఎవరూ పైకి చెప్పుకోని మాట కూడా ఒకటి ఉంది.

కణితి నుంచి కదిలిన కణం

మనం తిన్న అన్నం చిన్నపేగులో జీర్ణమై, మిగిలినది పెద్దపేగులోకి, అక్కడి నుంచి పురీషనాళంలోకి చేరుతుందని బడిలో చదువుకున్నాం. ఈ పెద్దపేగు లోపలి పొరలో కొందరికి చిన్న చిన్న బుడిపెలు లేస్తాయి. వాటిలో చాలావరకు ఏ హానీ చేయవు. కొన్ని మాత్రం ఏళ్ళ తరబడి, చాలాసార్లు పదేళ్ళకు పైగా, మెల్లమెల్లగా మారుతూ క్యాన్సర్ కణితి అవుతాయి. ప్రపంచం మొత్తం మీద 2022 ఒక్క సంవత్సరంలోనే సుమారు 19 లక్షల మందికి కొత్తగా పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్లు వచ్చాయని అంచనా. సుమారు 9 లక్షల మంది వాటితో చనిపోయారు. క్యాన్సర్ మరణాల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ తర్వాతి స్థానం దీనిదే.

కణితి పేగు వరకే ఉంటే ఆపరేషన్ చేసి తీసివేయవచ్చు. ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా అక్కడి నుంచి కాలేయానికో, ఊపిరితిత్తులకో పాకిన వ్యాధి. అలా పాకడానికి ఉన్న ముఖ్యమైన దారుల్లో రక్తం ఒకటి. కణితి నుంచి విడిపోయిన కణాలు రక్తనాళంలోకి దూరి, ప్రవాహం వెంట పోయి, ఇంకోచోట దిగి కాపురం పెడతాయి. ప్రయాణంలో ఉన్న ఆ కణాలనే 'రక్తంలో తిరిగే కణితి కణాలు' అంటారు. ల్యాబులో పొట్టిగా సీటీసీలు అంటాం.

వీటిని మొదట కళ్ళారా చూసి రాసిన వ్యక్తి థామస్ ఆష్‌వర్త్ అనే వైద్యుడు. అది 1869వ సంవత్సరం, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరం. ఒంటి మీద ఎన్నో క్యాన్సర్ గడ్డలతో చనిపోయిన ఒక మనిషి కాలి సిర నుంచి ఆయన రక్తం తీసి మైక్రోస్కోపు కింద చూశాడు. గడ్డల్లో ఉన్న కణాల్లాంటివే ఆ రక్తంలోనూ కనిపించాయి. జబ్బు లేని కాలిలో ఈ కణాలు ఉన్నాయంటే అవి రక్త ప్రసరణ వెంట చాలా దూరం ప్రయాణించి ఉండాలి కదా అని ఆయన తర్కించాడు. అంత పాత సంగతి ఆసుపత్రిలో పనికొచ్చే పరీక్షగా మారడానికి 130 ఏళ్ళకు పైగా పట్టింది. ఎందుకంటే ఆ కణాలు అంత అరుదు.

డెబ్బై లారీల బియ్యం

సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు చాటల్లో బియ్యం పోసుకుని రాళ్ళు, వడ్లగింజలు ఏరడం ఈ హాస్టల్లో ఉన్న ఎవరికైనా గుర్తుండే ఉంటుంది. ఎవరికి ఎక్కువ దొరికితే వాళ్ళు గెలిచినట్టు పందెం కూడా కాసేవాళ్ళం. ఆ పనినే ఇప్పుడు కొంచెం పెద్దది చేసి ఊహించుకోండి.

ఈ పరీక్షకు రోగి నుంచి తీసుకునే రక్తం ఏడున్నర మిల్లీలీటర్లు, అంటే ఒకటిన్నర టీ చెంచాలు. అందులో ఎర్ర రక్తకణాలు సుమారు 3,500 కోట్లు ఉంటాయి. తెల్ల రక్తకణాలు మూడు కోట్ల నుంచి ఎనిమిది కోట్ల దాకా ఉంటాయి. వాటి మధ్య క్యాన్సర్ కణాలు మూడు కనిపిస్తే చాలు, డాక్టరు ఆలోచనలో పడతారు.

కిలో బియ్యంలో ఇంచుమించు 50 వేల గింజలు ఉంటాయనుకుందాం. యాభై కిలోల బస్తాలో 25 లక్షల గింజలు. 3,500 కోట్ల గింజలు కావాలంటే 14 వేల బస్తాలు కావాలి. పది టన్నుల లారీలైతే 70 లారీలు. ఆ 70 లారీల బియ్యంలో మూడు వడ్లగింజలు ఏరాలి. ఏరేలోగా బియ్యం పాడవకూడదు. దొరికిన గింజ చెయ్యి జారిపోకూడదు. వడ్లగింజలా కనిపించే ఇంకోదాన్ని లెక్కలో వేయకూడదు. ఇదీ సమస్య.

అయస్కాంతం చేసే పని

చాటతో చెరిగితే పొట్టు పైకి, బియ్యం కిందికి ఎలా విడిపోతాయో అలాగే కణాలను కూడా ఏదో ఒక తేడాను పట్టుకుని విడదీయాలి. పెద్దపేగు లోపలి పొర ఉపకళా కణజాలంతో తయారైనది. రక్తకణాలు ఆ జాతివి కావు. ఉపకళా కణాల పైన ఎప్‌క్యామ్ అనే ప్రొటీన్ ఉంటుంది. మామూలు రక్తకణాల మీద అది ఉండదు. ఈ ప్రొటీన్‌ను మాత్రమే గుర్తుపట్టి అతుక్కునే యాంటీబాడీలను అతి చిన్న ఇనుప రేణువులకు తగిలించి రక్తంలో కలుపుతారు. ఆ రేణువులు పోయి క్యాన్సర్ కణాలకు అంటుకుంటాయి. తర్వాత గొట్టాన్ని అయస్కాంతం పక్కన పెడితే రేణువులతో పాటు ఆ కణాలు గోడ వైపు లాగబడతాయి. మిగిలిన రక్తాన్ని కడిగేస్తారు.

అయినా కొన్ని వేల తెల్ల రక్తకణాలు వెంట వస్తూనే ఉంటాయి. అందుకని రంగులు వేసి, మెరిసే కాంతిలో ఒక్కో కణాన్నీ మూడు ప్రశ్నలు అడుగుతారు. నీకు కేంద్రకం ఉందా? నీలో ఉపకళా కణాలకు ఉండే సైటోకెరాటిన్ ఉందా? నీ మీద తెల్ల రక్తకణాల గుర్తు అయిన సీడీ 45 ఉందా? మొదటి రెండింటికి అవును, మూడోదానికి కాదు అన్నదే లెక్కలోకి వస్తుంది. సెల్‌సెర్చ్ అనే యంత్రం పని చేసేది ఈ పద్ధతిలోనే. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని 2004లో రొమ్ము క్యాన్సర్‌కు, 2007లో పెద్దపేగు క్యాన్సర్‌కు అనుమతించింది. రెండింటిలోనూ వ్యాధి శరీరంలో పాకినవారికే.

అదే 2007లో బోస్టన్‌లో సునీత నాగ్రత్, ఆమె తోటి పరిశోధకులు ఇంకో దారి చూపించారు. ఒక చిన్న చిప్పు మీద 78 వేల సన్నని స్తంభాలు నిలబెట్టి, వాటికి అదే యాంటీబాడీ పూసి, వాటి మధ్య నుంచి రక్తాన్ని మెల్లగా పారించారు. క్యాన్సర్ కణాలు స్తంభాలకు అతుక్కుపోయాయి. పెద్దపేగు క్యాన్సర్ రోగులతో సహా వివిధ క్యాన్సర్ రోగుల నుంచి తీసిన 116 నమూనాల్లో 115లో కణాలు దొరికాయి. మన దేశంలో కూడా పుణెలోని ఒక సంస్థ ఇలాంటి పరీక్షను తయారు చేసి ఔషధ నియంత్రణ అధికారుల అనుమతి పొందింది.

నేను చేసిన పని దీనికి ముందు మెట్టు. రోగుల రక్తం ముట్టుకునే ముందు పద్ధతి పనిచేస్తుందో లేదో చూడాలి. అందుకు హెచ్‌టీ-29 అనే పెద్దపేగు క్యాన్సర్ కణాలను వాడాను. 1964లో 44 ఏళ్ళ ఒక స్త్రీ కణితి నుంచి తీసిన కణాలు ఇవి. అప్పటి నుంచి ప్రపంచమంతటా ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి. రెండు మూడు రోజులకు ఒకసారి వాటి ద్రవం మార్చాలి. దసరా అయినా ఆదివారం అయినా వాటికి సెలవు లేదు. ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లు ఒప్పుకుని ఇచ్చిన రక్తంలో ఈ కణాలను లెక్కపెట్టి కలుపుతాను. తర్వాత అయస్కాంతంతో ఏరి, ఎన్ని తిరిగి దొరికాయో చూస్తాను.

కలిపినన్ని ఎన్నడూ దొరకలేదు. కొన్ని గొట్టం గోడలకు అంటుకుంటాయి. కొన్ని కడిగేటప్పుడు పోతాయి. కొన్నింటి మీద ఎప్‌క్యామ్ తక్కువగా ఉండి అయస్కాంతానికి అందవు. ఈ పని చేసే ప్రతి ల్యాబుకూ ఇది తెలిసిందే. అందువల్ల రిపోర్టులో 'మూడు' అని ఉంటే రోగి రక్తంలో మూడే ఉన్నాయని కాదు, మనకు దొరికినవి మూడు అని అర్థం. 'సున్నా' అని ఉంటే అసలు లేవని కాదు. ఈ ఒక్క మాట అర్థం చేసుకోవడానికి నాకు ఒక సెమిస్టరు పట్టింది.

మా అమ్మ అడిగిన ప్రశ్న

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు మా అమ్మకు ఇదంతా వివరించాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినదాన్ని నేనే మొదట కాబట్టి, ఏం చదువుతున్నానో చెప్పాలంటే బియ్యం, బస్తాలు, లారీలతోనే చెప్పాలి. ఆమె నాట్లు వేసే మనిషి. చాటలో గింజను చూసే కన్ను ఆమెకు నాకన్నా బాగా ఉంది. అంతా విని ఒకటే అడిగింది.

"లెక్కవెట్టినంక ఏం జేస్తరు బిడ్డా? గా మనిషి బతుకుతడా?"

మా సెమినార్‌లో గైడు మేడం అడిగిన ప్రశ్న కూడా అచ్చం ఇదే. ఆమె ఇంగ్లీషులో అడిగారు, అంతే తేడా. ఒక పరీక్ష సరిగ్గా లెక్కించడం వేరు, ఆ లెక్క జబ్బు భవిష్యత్తును చెప్పడం వేరు, ఆ చెప్పినదాని వల్ల రోగికి మేలు జరగడం వేరు. ఈ మూడు మెట్లనూ విడివిడిగా రుజువు చేసుకోవాలి. నా చదువులో నేను నేర్చుకున్న అన్నింటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే అనుకుంటాను. అందుకని మా అమ్మ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబును వరుసగా చెబుతాను.

మొదటి మెట్టు గురించి పైన చెప్పాను. రెండో మెట్టుకు రుజువు 2008లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనంలో ఉంది. పెద్దపేగు క్యాన్సర్ అప్పటికే వేరే అవయవాలకు పాకిన 430 మందిని అందులో చేర్చారు. కొత్త చికిత్స మొదలుపెట్టేముందు రక్తం తీసి కణాలు లెక్కించారు. ఏడున్నర మిల్లీలీటర్లలో మూడు గాని అంతకన్నా ఎక్కువ గాని కనిపించినవారు సుమారు నాలుగో వంతు. వాళ్ళ జీవితకాలం మధ్యగతం 9.4 నెలలు. మూడుకన్నా తక్కువ ఉన్నవారిది 18.5 నెలలు. మధ్యగతం అంటే మన పదో తరగతి లెక్కల్లోదే. సగం మంది అంతకన్నా తక్కువ, సగం మంది అంతకన్నా ఎక్కువ కాలం బతికారని అర్థం. చికిత్స మొదలైన మూడు నుంచి ఐదు వారాలకు మళ్ళీ లెక్కిస్తే, మొదట ఎక్కువగా ఉండి తర్వాత మూడుకన్నా తగ్గినవారి జీవితకాలం 11 నెలలు, తగ్గనివారిది 3.7 నెలలు. స్కానింగులో తేడా తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. రక్తం అంతకన్నా ముందే చెప్పింది.

పెద్దపేగు క్యాన్సర్‌లో ఈ కణాలు రొమ్ము క్యాన్సర్‌లో కన్నా తక్కువగా దొరుకుతాయి. అక్కడ గీత ఐదు దగ్గర గీస్తే ఇక్కడ మూడు దగ్గర గీశారు. దీనికి ఒక కారణం మన శరీర నిర్మాణంలోనే ఉంది. పెద్దపేగు రక్తం నేరుగా గుండెకు పోదు. కాలేయ నిర్వాహక సిర ద్వారా ముందు కాలేయానికి పోతుంది. కాలేయం జల్లెడలా పనిచేసి కణాలను ఆపుతుంది. అందుకే చేతి సిర నుంచి తీసిన రక్తంలో అవి తక్కువ. ఈ వ్యాధి మొదట పాకేది తరచుగా కాలేయానికే కావడానికి కూడా కారణం ఇదే.

ఆగిన కణమల్లా మొలవదు. లండన్ వైద్యుడు స్టీఫెన్ పాజెట్ 1889లోనే దీన్ని విత్తనం, నేల అనే పోలికతో వివరించాడు. గాలికి అన్ని దిక్కులకూ పోయిన విత్తనం తగిన నేలలో పడితేనే మొలుస్తుందని ఆయన భావం. జంతువుల మీద 1970లో చేసిన ప్రయోగాల్లో రక్తంలోకి పంపిన కణాల్లో పదివేలకు ఒకటి కూడా కొత్త కణితి కాలేదు. ఎక్కువ కణాలు కొన్ని గంటల్లోనే చనిపోతాయి. ఎవుసం చేసే ఇళ్ళ పిల్లలకు ఇది వేరే చెప్పక్కరలేదు.

మూడో మెట్టు

ఇక అసలు ప్రశ్న. లెక్క తెలిశాక మనిషికి మేలు చేయగలమా?

రొమ్ము క్యాన్సర్‌లో దీన్ని సూటిగా పరీక్షించి 2014లో ఫలితం ప్రకటించారు. మొదటి విడత మందు ఇచ్చాక కూడా కణాలు తగ్గని స్త్రీలను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు వెంటనే మందు మార్చారు, రెండో జట్టుకు మార్చలేదు. ఆయుష్షులో తేడా రాలేదు. పరీక్ష చెప్పింది నిజమే. ఆ స్త్రీల జబ్బు మొండిదే. కానీ మార్చి ఇచ్చిన మందు కూడా మొదటిదాని లాంటిదే కావడంతో ఆ నిజం తెలుసుకుని ప్రయోజనం లేకపోయింది.

పెద్దపేగు క్యాన్సర్‌లో స్పెయిన్ వైద్యులు ఇంకోలా ప్రయత్నించి 2021లో ఫలితం అచ్చువేశారు. మూడు గాని అంతకన్నా ఎక్కువ గాని కణాలు ఉన్నవారిని తీసుకుని, సగం మందికి మామూలు కీమో, సగం మందికి ఇంకో మందు అదనంగా కలిపిన బలమైన కీమో ఇచ్చారు. జబ్బు ముదరకుండా ఆగిన కాలం మామూలు కీమోతో 9.3 నెలలు, బలమైనదానితో 12.4 నెలలు. దుష్ఫలితాలు కూడా బలమైనదానితోనే ఎక్కువ. మూడు నెలలు చిన్నవి కావు. అయితే కణాలు తక్కువగా ఉన్నవారిని ఈ పోలికలో చేర్చలేదు. కాబట్టి ఆ బలమైన మందు ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి ఈ లెక్కే కావాలని దీనితో రుజువైనట్టు కాదు.

ఈలోగా పని లెక్క దగ్గరే ఆగిపోలేదు. ఫ్రాన్స్‌లోని మోంపెలియే పరిశోధకులు ఒక పెద్దపేగు క్యాన్సర్ రోగి రక్తంలో దొరికిన కణాలను ల్యాబులో నిలబెట్టి పెంచగలిగామని 2015లో ప్రకటించారు. కణం బతికి ఉంటే దాని మీద మందులు పరీక్షించి చూడవచ్చు. ఇంకో వైపు, కణాన్ని కాక చనిపోయిన కణితి కణాలు రక్తంలో వదిలే డీఎన్ఏ ముక్కలను వెతికే పద్ధతి ముందుకు వచ్చింది. ఆస్ట్రేలియాలో 455 మంది రెండో దశ పెద్దపేగు క్యాన్సర్ రోగులతో చేసిన అధ్యయనం 2022లో వెలువడింది. ఆపరేషన్ తర్వాత రక్తంలో ఆ ముక్కలు ఉన్నవారికే కీమో ఇవ్వాలన్న పద్ధతి పాటిస్తే, కీమో తీసుకున్నవారు 28 శాతం నుంచి 15 శాతానికి తగ్గారు. జబ్బు తిరగబెట్టడం మాత్రం పెరగలేదు. అంటే కొంతమంది అక్కరలేని మందు బాధ తప్పించుకున్నారు. లెక్క మనిషికి పనికిరావడం అంటే ఇది.

పెద్దబాపు సంగతి

ఇన్ని అధ్యయనాలు చదువుతూ నేను ప్రతిదాని పక్కన ఒక మనిషిని నిలబెట్టి చూసుకున్నాను. ఆయన మా పెద్దబాపు.

నేను ఇంటర్ చదివే రోజుల్లో, 2018లో, ఆయనకు మలంలో రక్తం పడటం మొదలైంది. హమాలీ పని చేసే మనిషి. "వేడి జేసింది" అన్నారు. కారం మానేశారు, మజ్జిగ తాగారు, సబ్జా గింజల నీళ్ళు తాగారు. తర్వాత మొలలు అన్నారు. పసరు మందు అయింది. గోడల మీద ప్రకటనలు చూసి మొలలకు వైద్యం చేసే ఒకరి దగ్గరికి పోతే పరీక్ష ఏదీ లేకుండా సూదులు వేశారు. పది నెలలు అలాగే గడిచాయి. ఆడవాళ్ళ ముందు ఆయన ఆ మాట ఎత్తేవారు కాదు. బరువు తగ్గి, బస్తా మోయలేక, మెట్లెక్కితే ఆయాసం వచ్చి పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాక అసలు సంగతి తెలిసింది. గొట్టం వేసి చూస్తే పెద్దపేగులో కణితి. స్కానింగులో కాలేయం నిండా మచ్చలు. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఉన్నారు.

నా ల్యాబులోని పరీక్ష ఆయనకు దొరికి ఉంటే బతికేవారా? బతికేవారు కాదు. స్కానింగు అప్పటికే చెప్పినదాన్నే అది మళ్ళీ చెప్పేది. ఆలస్యంగా వచ్చినవారి రక్తంలో కణాలను ఎంత బాగా లెక్కించినా, జరిగిపోయిన పది నెలలను అది వెనక్కి తేలేదు.

ఆయన్ని కాపాడగలిగే పరీక్ష ఒకటి ఉంది. అది నా ల్యాబుకన్నా పాతది, చాలా చవకైనది. రక్తంలో క్యాన్సర్ కణాన్ని వెతకడం కాదు, మలంలో రక్తాన్ని వెతకడం. కంటికి కనబడనంత తక్కువ రక్తాన్ని కూడా అది పట్టుకుంటుంది. అమెరికాలోని మిన్నెసోటాలో 46,551 మందితో చేసిన అధ్యయనం ఫలితాలు 1993లో వచ్చాయి. ఏటా ఈ పరీక్ష చేసి, రక్తం కనిపించినవారికి గొట్టంతో పేగు లోపల చూసి చికిత్స చేస్తే, పెద్దపేగు క్యాన్సర్ మరణాలు 33 శాతం తగ్గాయి. అదే లెక్కలో ఇంకో సంగతి కూడా చూడాలి. కణితి పేగు దాటకముందే పట్టుకుంటే అమెరికాలో పదిమందిలో తొమ్మిదిమంది ఐదేళ్ళు దాటి బతుకుతున్నారు. దూరపు అవయవాలకు పాకాక ఆ సంఖ్య సుమారు 15 శాతమే.

మన దేశంలో జాతీయ కార్యక్రమం కింద నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ముందస్తు పరీక్షలు చేస్తారు. పెద్దపేగుకు అలాంటి ఏర్పాటు లేదు. కాబట్టి మన ఊళ్ళల్లో ఈ జబ్బును ముందుగా పట్టుకునే యంత్రం ఇంకేదీ కాదు, ఇంట్లో మనిషి నోరు విప్పి చెప్పడమే.

చెల్లెళ్ళకు, అక్కలకు

మలంలో రక్తం పడిన ప్రతివారికీ క్యాన్సర్ అని నేను భయపెట్టడం లేదు. ఎక్కువమందికి అది మొలలే. కానీ మొలలు అని తేల్చవలసింది గోడ మీద ప్రకటన కాదు, పరీక్ష చేసిన డాక్టరు. డాక్టరు ముందు వేలితో పరీక్ష చేస్తారు. అనుమానం ఉంటే గొట్టం పరీక్ష రాస్తారు. దానిలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

రెండు మూడు వారాలైనా రక్తం ఆగకపోతే, మలం తారులా నల్లగా వస్తుంటే, ఎన్నడూ లేనిది కొన్నాళ్ళు మలబద్ధకం కొన్నాళ్ళు విరేచనాలు అవుతుంటే, కారణం లేకుండా బరువు తగ్గుతుంటే, మగవాళ్ళలోనో వయసు మళ్ళిన ఆడవాళ్ళలోనో రక్తహీనత బయటపడితే ఆలస్యం చేయకూడదు. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చి ఉంటే తక్కినవారు డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పాలి. మా బాపును నేను అలాగే వెంటబెట్టుకుని తీసుకుపోయి గొట్టం పరీక్ష చేయించాను. ఒక చిన్న బుడిపె కనిపిస్తే అక్కడికక్కడే తీసేశారు. అది క్యాన్సర్ కాదు. ఇప్పుడు మా వాడలో ఇంకో ఇద్దరు ఆ పరీక్ష చేయించుకున్నారు.

నా పని మీద నాకు నమ్మకం పోలేదు. ఇంకా ముందుకు చదవాలనే ఉంది. వ్యాధి పాకినవారికి ఏ మందు పనిచేస్తుందో వారాల్లో చెప్పగలిగే రోజు రావాలంటే ఎవరో ఒకరు కూర్చుని ఆ మూడు గింజలు ఏరుతూనే ఉండాలి. ఆ ఏరేవాళ్ళలో మన హాస్టల్ పిల్లలు ఉండాలి. సైన్సు తీసుకోవాలంటే భయపడే చెల్లెళ్ళకు ఒక మాట. చాటలో రాయిని చూసి పక్కన పెట్టడానికి కావలసిన ఓపిక మీకు ముందే ఉంది. మిగిలింది నేర్చుకునేదే. ఎవరికైనా బయాలజీలో గాని ప్రవేశ పరీక్షల్లో గాని సందేహాలుంటే వార్డెన్ మేడం దగ్గర నా ఫోన్ నంబరు ఉంది.

అంతకన్నా ముందు ఒక పని. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు నలభై ఐదు దాటిన పెద్దవాళ్ళను ఒకరి తర్వాత ఒకరిని పక్కకు పిలిచి అడగండి. ఎప్పుడైనా రక్తం పడిందా, ఎన్నాళ్ళ నుంచి, ఏ రంగులో, బరువు ఏమైనా తగ్గారా అని. కోప్పడతారు. అయినా పాఠంలో ప్రశ్న అడిగినట్టు మళ్ళీ అడగండి. జవాబును ఒక కాగితం మీద తేదీతో రాసి, వాళ్ళతో పాటు ఆసుపత్రికి మీరూ వెళ్ళి, ఆ కాగితం డాక్టరు చేతిలో పెట్టండి.